పీరియాడిక్ డ్రామాకు ఇంటిల్లిపాదీ వెళ్లవచ్చా? యూఏ ముద్ర చెప్పేది, చెప్పనిది

మీ ప్రశ్న ఇది: సెలవుల్లో అత్తగారిని, మామగారిని, 8 ఏళ్ల పాపను, 13 ఏళ్ల బాబును వెంటబెట్టుకొని కొత్తగా విడుదలైన ఒక పీరియాడిక్ డ్రామాకు వెళ్లాలనుకుంటున్నారు. పోస్టరు మీద యూఏ 16+ అని ఉంది. "చరిత్ర సినిమాయే కదా, పిల్లలకు మంచిదే" అని ఇంట్లో పెద్దవారు అంటున్నారు. మీకు మాత్రం మనసు ఒప్పడం లేదు. సినిమా పేరు మీరు రాయలేదు కాబట్టి, ఇలాంటి ఏ సినిమా విషయంలోనైనా ఎలా తేల్చుకోవాలో చెబుతాను.

ముందుగా సూటి సమాధానం. ఆ ముద్ర ఉన్న సినిమాకు 8 ఏళ్ల పాపను థియేటరుకు తీసుకువెళ్లకండి. 13 ఏళ్ల బాబు విషయంలో, సినిమాలో అన్నిటికంటే కఠినమైన దృశ్యం ఏదో, అది ఎంతసేపు సాగుతుందో తెలుసుకున్నాకే నిర్ణయించండి. పెద్దవారి సంగతి వేరు, కొలమానమూ వేరు. దాన్ని కింద రాస్తాను.

"చరిత్ర కదా" అన్న మాట దగ్గరే నాకు పేచీ. సాంఘిక చిత్రమైతే ఫైట్లు ఏ మోతాదులో ఉన్నాయి, పాటలు ఎలా ఉన్నాయి అని నలుగురినీ అడిగి మరీ బయలుదేరే తల్లిదండ్రులు, తెర మీద కోటలు, గుర్రాలు, తలపాగాలు కనిపిస్తాయనగానే ఆ జాగ్రత్తంతా పక్కన పెట్టేస్తారు. నిజానికి కొరడా దెబ్బలు, ఉరికంబాలు, చెరపట్టడాలు, ఊళ్లకు ఊళ్లు తగలబెట్టడాలు కథకు అవసరంగానే వచ్చేది చరిత్రను తెరకెక్కించిన చిత్రాల్లోనే. జరిగింది కనుక చూపించామనే సమర్థన దర్శకుడి దగ్గర సిద్ధంగా ఉంటుంది. అది న్యాయమైన సమర్థనే కావచ్చు. కానీ ఆ రాత్రి నిద్రలో ఉలిక్కిపడే పిల్లకు అది అక్కరకు రాదు.

నేను ఒక పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. అక్కడి ఫిలిం క్లబ్బుకు సినిమాలు ఎంపిక చేసే పని కూడా చాలా ఏళ్లుగా నాదే. పిల్లలతో పాటు తల్లిదండ్రులు, తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలు వచ్చి కూర్చునే ప్రదర్శనలు అవి. మూడు తరాలు ఒకే వరుసలో కూర్చున్నప్పుడు ఏ దృశ్యం ఎవరిని ఇబ్బంది పెడుతుందో గమనించే అవకాశం అలా దొరికింది. ఇక్కడ రాసేదంతా ఆ అనుభవం నుంచే.

ముద్రలో ఏముంది? 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సెన్సారు బోర్డు ఇచ్చే సర్టిఫికెట్లలో 'యు' అంటే అందరూ చూడవచ్చునని, 'ఏ' అంటే 18 ఏళ్లు నిండినవారికేనని అందరికీ తెలిసిందే. ఈ రెంటికీ మధ్య యూఏ 1983లో వచ్చింది. 12 ఏళ్లలోపు పిల్లలు తల్లిదండ్రుల మార్గదర్శనంలో చూడాలన్నది దాని భావం. చిన్నపాటి కొట్లాట ఉన్న హాస్యచిత్రమూ, తలలు తెగిపడే యుద్ధచిత్రమూ నాలుగు దశాబ్దాల పాటు ఈ ఒక్క గాటనే కట్టి ఉన్నాయి. 2023లో చట్టాన్ని సవరించి, 2024లో కొత్త నిబంధనలు తెచ్చి, ఆ యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. కాబట్టి అంతకు ముందు వచ్చిన సినిమా మీద ఉన్న ఉత్త యూఏ మీకు దాదాపు ఏమీ చెప్పదు. ఇప్పటి సినిమా మీద ఉన్న అంకె మాత్రం ఎంతో కొంత చెబుతుంది. మీరు ఆ అంకెను చదివారు, సగం పని అయినట్టే.

చాలామంది తికమకపడే చోటు ఒకటుంది. 'ఏ' సర్టిఫికెట్టు సినిమాకైతే 18 ఏళ్లలోపు వారిని హాలులోకి పంపకూడదు. యూఏ 16+ కు అలాంటి నిషేధం లేదు. ఆ వయసు సూచన తల్లిదండ్రుల పరిశీలన కోసమని, దాన్ని అమలు చేయవలసింది తల్లిదండ్రులు, సంరక్షకులేనని చట్టమే అంటోంది. గేటు దగ్గర టికెట్టు చూసే మనిషి మీ పాపను నవ్వుతూ లోపలికి పంపినంత మాత్రాన సినిమా ఆమెకు తగినదని ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ తేడా బాగా తెలుసు: అక్కడ 15 అని ముద్ర పడిన సినిమాకు అంతకంటే చిన్నపిల్లలను, అమ్మానాన్నలు పక్కనే ఉన్నా, థియేటరులోకి రానివ్వరు. పైగా అక్కడి బోర్డు, బీబీఎఫ్‌సీ, తాను సర్టిఫికెట్టు ఇచ్చే చిత్రాల్లో హింస ఏ తీరుగా ఉంది, భయపెట్టే దృశ్యాలేమిటి అన్నది క్లుప్తంగా తన వెబ్‌సైటులో రాస్తుంది. అక్కడ విడుదలయ్యే తెలుగు చిత్రాలకూ రాస్తుంది. హైదరాబాదులో కూర్చుని కూడా దాన్ని చదువుకోవచ్చు. మన బోర్డు కూడా ప్రతి సినిమాకూ అలాంటి నాలుగు వాక్యాలు తెలుగులో రాసి జనం ముందు పెడితే, మీరు ఈ ప్రశ్న అడగవలసిన అవసరమే వచ్చేది కాదు.

ఇప్పుడు ఒక సినిమాను దగ్గరగా చూద్దాం. 2022 మార్చిలో విడుదలైన 'ఆర్ఆర్ఆర్' దాదాపు అందరూ చూసినదే, పాత పద్ధతి యూఏ ఉన్నదే కాబట్టి దాన్నే తీసుకుంటాను. మూడు గంటలు దాటిన ఆ చిత్రంలో పిల్లలను ఎక్కువగా కలవరపెట్టేది ఏదని అడిగితే, పులితో తలపడే దృశ్యమనో, జంతువులన్నీ ఒక్కసారిగా గవర్నరు భవనంలో విరుచుకుపడే దృశ్యమనో పెద్దవారు చెబుతారు. మా పిల్లలతో మాట్లాడితే తెలిసింది వేరు. పులిని చూసి వారు కేరింతలు కొట్టారు. ఏడెనిమిదేళ్ల పిల్లలు ముడుచుకుపోయింది సినిమా మొదలైన కొద్ది నిమిషాలకే వచ్చే ఘట్టానికి. గోండు పిల్ల మల్లి పాట పాడుతూ దొరసాని చేతి మీద బొమ్మలు వేస్తుంది. తల్లి ముందు నాణేలు పడతాయి. పాట నచ్చి ఇచ్చిన బహుమానమనుకున్న ఆ తల్లికి, అది బిడ్డకు కట్టిన వెల అని అర్థమయ్యేలోపే పిల్లను కారెక్కిస్తారు. కారు వెంట పరుగెత్తిన తల్లి మీదికి సిపాయి తుపాకి ఎత్తితే, తూటా ఎంత ఖరీదైనదో గుర్తుచేసి దొర అతడిని ఆపుతాడు. ఆ వెంటనే చెట్టు కొమ్మతో ఆమె తల మీద కొడతారు.

ఫైటు అనదగినది ఈ ఘట్టంలో ఏమీ లేదు. సమీక్షల్లో "యాక్షన్ ఘట్టాలు అదుర్స్" అని రాసేవారెవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు. కానీ ఆ వయసు పిల్లకు అమ్మ నుంచి విడిపోవడం కంటే, అమ్మకు దెబ్బ తగలడం కంటే పెద్ద భయం మరొకటి లేదు. తెర మీద వందమంది సైనికులు కూలినా వారు ముఖాలు లేని మనుషులు. మల్లి మాత్రం తన ఈడు పిల్ల. మా ప్రదర్శనలో ఒక చిన్నారి ఆ తర్వాత గంటసేపు తెర మీద ఏం జరుగుతున్నా పట్టించుకోకుండా, "వాళ్లమ్మ చచ్చిపోయిందా?" అని పక్కన కూర్చున్న తన తల్లిని అడుగుతూనే ఉంది.

పదేళ్లు దాటినవారిని కుదిపేసింది, ఇద్దరు కథానాయకుల్లో ఒకడైన భీమ్‌ను బహిరంగంగా కొరడాతో కొట్టే ఘట్టం. అది ఒక పూర్తి పాట నడిచినంత సేపు సాగుతుంది. మోకరిల్లమంటారు, అతడు మోకరిల్లడు. మామూలు కొరడా చాలదని మేకుల కొరడా అందిస్తారు. చర్మం చీలి నెత్తురు కారుతుంది. అయితే ఆ ఈడు పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నలు నెత్తురు గురించి కావు. కొట్టేవాడు అతడి స్నేహితుడే కదా, ఎలా కొట్టగలిగాడు అన్నదే వారిని వేధించింది. పదేళ్ల తర్వాత పిల్లలకు అవమానం, అన్యాయం, నమ్మినవారు చేసిన ద్రోహం అర్థమవడం మొదలవుతుంది. వారికి నొప్పి కలిగించేవీ అవే. ఈ ఘట్టం చివర చుట్టూ చేరిన జనం తిరగబడతారు, కథ కూడా ఆ స్నేహాన్ని తర్వాత చక్కదిద్దుతుంది. అందువల్ల 12, 13 ఏళ్ల పిల్లలు, పక్కన పెద్దవారు ఉంటే, దాన్ని తట్టుకోగలరని నా అభిప్రాయం.

ఏ సినిమా గురించి ఆరా తీసినా నేను మూడు సంగతులు తెలుసుకుంటాను: దెబ్బ ఎవరి మీద పడుతోంది, కెమెరా అక్కడ ఎంతసేపు నిలబడుతోంది, ఆ తర్వాత కథ ప్రేక్షకుడికి ఊపిరి పీల్చుకునే వీలు ఇస్తోందా లేదా. నెత్తురు ఎన్ని చోట్ల కనిపించింది అన్న లెక్క వీటి తర్వాతే.

మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. 2025 ఫిబ్రవరిలో హిందీలోను, మార్చిలో తెలుగులోను వచ్చిన 'ఛావా'కు యూఏ 16+ ఇచ్చారు. అది శివాజీ కొడుకు, మరాఠా రాజు శంభాజీ కథ. ఆయన 1689లో సంగమేశ్వర్ దగ్గర మొఘలులకు పట్టుబడి, ఘోరమైన చిత్రహింసల తర్వాత ఆ మార్చి నెలలో ప్రాణాలు కోల్పోయాడు. చరిత్రలో ఉన్న ముగింపే అది, దర్శకుడు కల్పించినది కాదు. కానీ సినిమా ఆ చిత్రహింసను చివరి ఘట్టంగా పెట్టి, సుదీర్ఘంగా చూపుతుంది. విశ్రాంతికి ముందు భయపడిన పిల్లకు ఆ తర్వాతి గంటలో పాటో, నవ్వో, విజయమో ఎదురై మనసు కొంత మరలుతుంది. ఆఖరి ఘట్టంలో భయపడిన పిల్ల మాత్రం అదే దృశ్యాన్ని కళ్లలో పెట్టుకొని కారెక్కుతుంది. అందుకే ఎవరైనా "క్లైమాక్స్ గుండెను పిండేసింది" అని చెబితే, పెద్దవాడిగా ఆ సినిమా చూడాలని నాకు అనిపించినా, పిల్లల జాబితాలోంచి దాన్ని తీసి పక్కన పెడతాను.

మీ మామగారు, అత్తగారు "మేమూ చిన్నప్పుడు చరిత్ర సినిమాలు చూశాం, మాకేమైంది?" అనవచ్చు. వారి మాటలో నిజముంది, దాన్ని కొట్టిపారేయకండి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలు, విజయనగరం రాజు విజయరామరాజు సేనలు చుట్టుముట్టినప్పుడు బొబ్బిలి కోటలో స్త్రీలను, పిల్లలను శత్రువు చేతికి చిక్కకూడదని సొంతవారే చంపుకున్నారు. అంతకంటే భయంకరమైన కథ మన చరిత్రలో అరుదు. ఆ కథ మీదే 1964లో ఎన్.టి. రామారావు, భానుమతి, ఎస్.వి. రంగారావు నటించిన 'బొబ్బిలి యుద్ధం' వచ్చింది. దాన్ని ఇంటిల్లిపాదీ కలిసి చూసేవారు. ఆ కాలపు చిత్రాల్లో మరణం మాటలోను, పద్యంలోను, చూస్తున్నవారి ముఖంలోను తెలిసేది. తెగిన అవయవాన్ని దగ్గరగా చూపే పద్ధతి, ఎముక విరిగిన చప్పుడును హాలంతా మోగించే సౌండు అప్పుడు లేవు. చరిత్రలోని క్రూరత్వం ఎప్పుడూ అంతే ఉంది, దాన్ని చూపించే పద్ధతే మారింది. ఈ సంగతి నెమ్మదిగా చెబితే పెద్దవారు సులభంగానే ఒప్పుకుంటారు.

సమాచారం ఎక్కడ దొరుకుతుంది? ట్రైలరును నమ్మకండి. దానికి విడిగా సర్టిఫికెట్టు తీసుకుంటారు, అన్ని వయసులవారూ చూసే చోట వేయడానికే దాన్ని కోస్తారు, కాబట్టి అసలు కఠినమైన దృశ్యాలు అందులో ఉండవు. మన సమీక్షలు ఫస్టాఫ్, సెకండాఫ్, రేటింగు చుట్టూ తిరుగుతాయి గనుక వాటిలో మీకు కావలసినది వరుసల మధ్య వెతుక్కోవాలి. "రా అండ్ రస్టిక్", "హృదయవిదారకం", "సహజత్వానికి దగ్గరగా" అన్న మాటలు ఎదురైతే ఆగి ఆలోచించండి. సెన్సారు వారు ఏయే మార్పులు చేయించారో వార్తల్లో వస్తుంటుంది. ఫలానా హింసాదృశ్యం నిడివి తగ్గించమన్నారంటే, ఆ దృశ్యం ఇంకా కొంత మిగిలే ఉందని అర్థం చేసుకోవాలి. సినిమాల వివరాలు ఉండే ఐఎండీబీ వెబ్‌సైటులో తల్లిదండ్రుల కోసం ఉండే విభాగంలో హింస, శృంగారం, బూతులు, మద్యపానం, భయపెట్టే దృశ్యాలు విడివిడిగా రాసి ఉంటాయి. రాసేది మామూలు ప్రేక్షకులే కాబట్టి కొంత అటూ ఇటూ ఉన్నా పనికివస్తుంది. కథ మాత్రం ముందే తెలిసిపోతుంది, అది భరించాలి.

వీటన్నిటికంటే నేను నమ్మేది, సినిమా చూసివచ్చిన ఒక తల్లినో తండ్రినో అడగడాన్ని. అయితే "బాగుందా?" అని అడిగితే "సూపర్" అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. "మీరు ఎక్కడ తల తిప్పుకున్నారు? మీ పిల్లలు ఎక్కడ మీ చెయ్యి పట్టుకున్నారు?" అని అడగండి. జవాబు వెంటనే వస్తుంది, దృశ్యంతో సహా వస్తుంది. మొదటి రోజు వెళ్లాలన్న పట్టుదల మానుకొని ఒక వారం ఆగితే ఇలా చెప్పేవారు మీ అపార్టుమెంటులోనే దొరుకుతారు.

ఇంకో జాగ్రత్త: డబ్బింగు చిత్రమైతే ప్రతి భాషకూ విడిగా సర్టిఫికెట్టు ఉంటుంది, కాబట్టి తెలుగు పోస్టరే చూడండి. ఓటీటీకి వచ్చాక లెక్క మళ్లీ మారుతుంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం అక్కడ వయసు వర్గీకరణ ఆ సంస్థలే ఇచ్చుకుంటాయి, హింస ఉందా, భాష ఎలా ఉంది అన్న సూచన కూడా చూపుతాయి. 13+ నుంచి పైవాటికి పిల్లలు తెరవకుండా తాళం పెట్టుకునే ఏర్పాటు ఉండాలి. థియేటరులో కోసిన భాగం అక్కడ ఉండే అవకాశమూ ఉంది. అయినా ఇంట్లో లైటు వేసుకోవచ్చు, సౌండు తగ్గించవచ్చు, ఆపి మాట్లాడవచ్చు. సరిహద్దు మీద ఉన్న సినిమాలకు నేను ఎప్పుడూ ఇల్లే మేలంటాను.

పెద్దవారి సంగతి. కుటుంబ సమేతంగా చూడదగ్గది అన్నప్పుడు మనం సాధారణంగా శృంగార సన్నివేశాల గురించే ఆలోచిస్తాం. అత్తమామలు పక్కన ఉండగా అంతఃపుర సన్నివేశమో, దర్బారులో నాట్యం పేరుతో వచ్చే ఐటెం పాటో వస్తే అందరూ ఒకేసారి పాప్‌కార్న్ డబ్బాలోకి తల దించుకోవడం మామూలే. ఆ ఇబ్బంది రెండు నిమిషాల్లో తీరిపోతుంది. అంతకంటే గట్టిగా ఆలోచించవలసినది జ్ఞాపకం. మనకు పీరియాడిక్ డ్రామా అయినది వారికి బతికిన కాలం కావచ్చు. రజాకార్ల కాలం నేపథ్యంగా ఉన్న ఒక చిత్రం చూస్తూ, ఆ రోజుల్లో చిన్నపిల్లగా చేలల్లో దాక్కున్న ఒక పెద్దావిడ మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. వెంట ఉన్న మనవడికి ఆమె బాల్యం గురించి అప్పటిదాకా తెలియదు. కాబట్టి కథ ఏ కాలానిదో, ఏ ప్రాంతానిదో ముందుగా వారికి చెప్పి, వారి ఇష్టం అడగండి. మోకాళ్ల నొప్పులున్నవారికి మూడు గంటల నిడివి, చీకట్లో మెట్లు, రాత్రి ఆట అనే చిక్కులు ఎలాగూ ఉన్నాయి. మధ్యాహ్నం ఆట మేలు.

చరిత్ర చిత్రాలకే ప్రత్యేకమైన ప్రమాదం మరొకటుంది. దుర్మార్గం ఒక వ్యక్తిదిగా కాకుండా అతడి మతానిదో కులానిదో అన్నట్టు కథ నడిస్తే, పెద్దవారు దాన్ని సినిమాగా చూసి వదిలేసినా, 13 ఏళ్ల పిల్లవాడు మర్నాడు బడిలో అదే మతానికో కులానికో చెందిన తోటి విద్యార్థిని చూసే చూపు మారుతుంది. బెంచీల దగ్గర వినిపించే మాటల్లో ఆ మార్పు నాకు కనిపించింది. నెత్తురు చుక్క లేకపోయినా అలాంటి చిత్రాన్ని నేను ముందుగా చూడకుండా పిల్లలకు చూపించను. అవతలి పక్షంలో ఒక్క మంచి మనిషైనా పేరుతో, మాటతో కనిపిస్తున్నాడా అన్నది నేను గమనించే మొదటి గుర్తు.

"నాలుగు విషయాలు తెలుసుకుంటారు" అన్న వాదనకూ ఒక మాట. అల్లూరి సీతారామరాజు మన్యంలో తిరుగుబాటు నడిపింది 1922 నుంచి 1924 దాకా. 1924 మే 7న ఆయనను చంపారు. కొమురం భీము పోరాడింది నిజాం పాలన మీద. జోడేఘాట్‌లో ఆయన అమరుడైనది 1940లో. 'ఆర్ఆర్ఆర్'లో ఆ ఇద్దరూ ఢిల్లీలో స్నేహితులు కావడం పూర్తిగా కల్పన. ఆ సినిమా తీసినవారే ఆ సంగతి చెప్పారు. అయినా ఆ తర్వాత పరీక్ష పేపర్లు దిద్దుతుంటే కొమురం భీము ఢిల్లీ కోటలో బ్రిటిషు గవర్నరుతో యుద్ధం చేశాడని రాసినవారు నాకు తగిలారు, అదీ వర్ణనతో సహా. కల్పన తప్పు కాదు. సినిమాకు బయలుదేరే ముందు, అందులో ఏది జరిగింది, ఏది అల్లింది అన్నది మీ బాబుకు పది నిమిషాల్లో చెప్పండి. లేదా వచ్చాక అతడినే వెతకమనండి.

ఇక మీ ఇంటి లెక్క. మొదటి వారంలో మీ దంపతుల్లో ఒకరు ఒంటరిగా సినిమా చూసి రండి. చివరి అరగంట భరించదగినదని తోస్తే, రెండో వారంలో బాబును, ఇష్టపడితే మీ అత్తగారిని, మామగారిని మధ్యాహ్నం ఆటకు తీసుకువెళ్లండి. పాపతో ఒకరు ఇంట్లో ఉండిపోవాలి, లేదా అదే మల్టీప్లెక్సులో యు గాని యూఏ 7+ గాని ఉన్న మరో సినిమా ఉంటే ఆమెను దానికి తీసుకువెళ్లాలి; "నువ్వు చిన్నపిల్లవు, నీకు వద్దు" అనకుండా "మనిద్దరం వేరే సినిమాకు" అంటే గొడవ ఉండదు. టికెట్లు తీసేటప్పుడు నడవా పక్క సీట్లు ఎంచుకోండి. 13 ఏళ్ల పిల్లలు భయపడ్డామని నోటితో చెప్పరు కాబట్టి, లేచి బయటికి వెళ్లాలనిపిస్తే ఏమీ అడగనక్కరలేదని, మీరూ వెంట వస్తారని లోపలికి వెళ్లకముందే అతడికి చెప్పి ఉంచండి.